తడి చెత్తలో గాజు ముక్కలు

మంగళవారం, రాత్రి

ఈ రోజు అన్యాయం చేసింది మా చెత్త పని చూసే మున్సిపాలిటీ వార్డు జవాను. నడివీధిలో మా చిన్నమ్మ చేత తప్పైందని అనిపించాడు. తప్పు ఆమెది కాదు. నేతగాళ్ల వీధిలో ఒక ఇంటావిడ పగిలిన గ్లాసును తడి చెత్త బకెట్లో వేసి, పైన మిగిలిన అన్నం కప్పింది. నేను నడిపే చెత్త బండి వెనక నిలబడి చేత్తో అదంతా వేరుచేస్తున్న చిన్నమ్మ అరచెయ్యి తెగింది. చిన్నమ్మ ఆ బకెట్‌ను ఖాళీ చేయకుండా ఆ ఇంటి గేటు దగ్గరే వదిలేసింది. ఇంటావిడ ఫోన్ చేస్తే జవాను వచ్చాడు.

"అమ్మకు దండం పెట్టి తప్పైందను. లేకుంటే రేపటి సంది పనికి రాకు."

రక్తం కారుతున్న చేత్తోనే చిన్నమ్మ దండం పెట్టింది. నేను బండి స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. ఊరికే భగ్గుమనే నాకు కోపం కూడా రాలేదు. ఇప్పటికీ రావడం లేదు.

దవాఖానలో కుట్లు వేస్తుంటే, తడి, పొడి చెత్త గురించి మున్సిపాలిటీ పంచిన కరపత్రంలో చదివింది ఆమెకు చెప్పాను. బ్రిటన్‌లో ఎవరి డబ్బా వాళ్లే రోడ్డు మీదికి తెచ్చిపెడతారని, లారీయే దాన్ని ఎత్తి పోసుకుంటుందని.

చిన్నమ్మ నవ్వింది. "గా లారీతోని గూడ దండం పెట్టిస్తరారా?"

"రేపు ఆ జవాను సంగతి చూస్త చిన్నమ్మా."

"నువ్వొక్కనివే లొల్లి చేస్తే నన్ను తీసేస్తరు బిడ్డా. అందరొస్తే ఎవర్ని తీస్తరు?"

ఇంటికొచ్చి ఫోన్‌లో మా బండ్లవాళ్ల గ్రూపుకు పంపాను. ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. పంపిందే ఇక్కడా రాస్తున్నాను: రేపు పొద్దున ఐదింటికి, ఒక్క బండి కూడా కదలకముందే, ధరూర్ రోడ్డు షెడ్డు గేటు దగ్గరికి అందరూ రండి.