ఒరగని కారు

శుక్రవారం, రాత్రి

మా ఆయన తన పాత స్పోర్ట్స్ కారుకు ఇవాళ నిజామాబాద్‌లో స్వే బార్ వేయించారు. మలుపుల్లో బండి ఒరగకుండా వెనక చక్రాల మధ్య బిగించే ఇనుప కడ్డీ అది. బోధన్‌కు తిరిగి వస్తుంటే, ట్రాక్టర్ల నుంచి పడి నలిగిన చెరుకు మీద, మలుపులో వెనక భాగం చప్పున పక్కకు జారింది. కాలువ అంచున ఆగాం.

"సూసినవా, జరంత గూడ ఒరగలే!" అని ఆయన మురిసిపోయారు.

"జారింది గద!"

"గది చెరుకుతోని. బార్ మంచిగనే ఉంది."

ఇన్నాళ్లూ కారు ఒరగగానే నేను "మెల్లగ" అని అరిచేదాన్ని, ఆయన స్పీడు తగ్గించేవారు. రేపు పాపను ఎక్కించుకుని నిజాంసాగర్ పోదామంటున్నారు. ఇక "మెల్లగ" అని ఎప్పుడు అరవాలో నాకెలా తెలుస్తుంది?