ఎర్ర రాయికి బీరువాలో చోటు

తాడేపల్లిగూడెం, ఆదివారం రాత్రి

పాఠంలో చూపించడానికి మొరాకో నుంచి తెప్పించిన వనాడినైట్ ఇవాళ చేతికొచ్చింది. వానలు ఎరగని నేలల్లో, సీసం గనుల పైపొరల్లో పుట్టే రాయి. ఆరు పలకల ఎర్రటి స్ఫటికాలు. చిన్న ముక్కే, ఎంత బరువో!

అత్తయ్యగారు చేతిలోకి తీసుకుని, "పగడంలా ఉందమ్మా, ఉంగరం చేయించుకోరాదూ?" అన్నారు.

"మెత్తటి రాయండీ, గీతలు పడతాయి. వెలుతురు తగిలితే రంగు మసకబారుతుంది. పైగా ఇందులో సీసం ఉంది, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి."

ఆవిడ చేతులు కడుక్కొచ్చి, బీరువాలో పట్టుచీరల పక్కన చోటు చేశారు. నేను రాయిని డబ్బాలో పెట్టి మూత బిగించాను. గట్టిగానే బిగించానా? పడుకునేముందు ఓసారి చూడాలి.

"మరి చూసుకునేదెప్పుడండీ?" అన్నాను.

"పట్టుచీరల్లాగేనమ్మా. పెళ్ళిళ్ళకి తీద్దాం."