కబురు ఎవరికి చెప్పాలి

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున కల్లంలో మిరపకాయలు ఆరబోస్తుంటే స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. గట్టు తగాదాలో ఇద్దర్ని నరికి చంపినందుకు అన్నయ్యకు ఉరిశిక్ష పడి ఏళ్లు గడిచాయి కదా, ఆ రోజు రానే వచ్చిందనుకున్నాను.

"భయపడకమ్మా, ఇంకా ఏం తేల్లేదు. క్షమాభిక్ష అర్జీ ఢిల్లీలోనే ఉంది," అన్నాడతను.

"ఎప్పటికి తేలుద్దండీ?"

"మాకేం తెలుసమ్మా? జైలు కాగితాల్లో మీ అమ్మగారి పేరుంది. ఆమె పోయారుగా. ఉరి ఖాయమైతే కబురు ఎవరికి చెప్పాలో కనుక్కు రమ్మన్నారు."

నా పేరు చెప్పాను. రెండోసారి అడిగి రాసుకున్నాడు.

మధ్యాహ్నం ఇంటి ముందు మోటార్ సైకిల్ ఆగింది. చేతిలో కంచం అలాగే పట్టుకుని వంటింట్లో నిలబడిపోయాను. ఆగి ఆగి తలుపు కొడుతున్నారు. ఇలాంటప్పుడు నువ్వు గదిలోకి పోయి గడియ పెట్టుకుని, "ఎవరో చూసి రావే" అని నన్ను పంపేదానివి. నేను వెళ్లి చూసి, "ఎవరూ కాదులే అమ్మా" అని చెబితేగానీ బయటికొచ్చేదానివి కాదు.

వచ్చింది మిరపకాయల బేరగాడే. కానీ తలుపు తీసేదాకా నాకు ఆ మాట చెప్పేవాళ్లెవరూ లేరు.