గుసగుసల ఇల్లు

ప్రియమైన నీకు,

ఇక్కడ నేనూ పాపా బాగానే తిరుగుతున్నాం. నువ్వక్కడ కుట్టు ఫ్యాక్టరీ హాస్టల్లో వేళకి తిని, వేళకి పడుకుంటున్నావని అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. ఆలస్యానికి కోప్పడకు. నాలుగుసార్లు రాయడానికి కూర్చున్నాను, నాలుగుసార్లూ మొదటి పేరా దాటలేదు. ముందు నువ్వడిగిన వాటిలో తేలికైన వాటికి జవాబు చెప్పనీ.

నా మోకాళ్ళు బాగున్నాయి. బస్సు మానేసి షాపుకి నడవడం మొదలుపెట్టిన కొత్తలో కుంటుతూ నడిచాను గానీ, ఇప్పుడు కాళ్ళు వాటంతటవే పోతున్నాయి. ప్యాంటు వదులైపోతే, కళ్ళజోళ్ళ అద్దాలకి చిల్లులు పెట్టే డ్రిల్లుతోనే బెల్టుకి ఇంకో చిల్లు పెట్టుకున్నాను. మా ఓనరు చూసి, దానికి కూడా బిల్లు రాయాలేమో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆయన నవ్వుని నమ్మలేం.

వంటింటి పైకప్పు కారడం ఆగింది. నేనే నిచ్చెనెక్కి తారు పూశాను. అరిగిన సబ్బు ముక్కలన్నీ పాత మేజోడులో వేసి, మూతి కట్టి వాడుతున్నాం. పాప దానికి సబ్బు ఎలుక అని పేరు పెట్టింది. పాప జుట్టు కూడా నేనే కత్తిరిస్తున్నాను. కుడివైపు సరిచెయ్యబోయి ఎడమవైపు, ఎడమవైపు సరిచెయ్యబోయి కుడివైపు కత్తిరించి, ఆఖరికి నుదురంతా బయటపడింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక లోను సంగతి. నువ్వు పంపేదీ నేను మిగిల్చేదీ కలిపి ప్రతి నెలా అసలులోకే కడుతున్నాను. ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర సాగాల్సిన లోను ఈ ఏడాది ఆఖరుకే తీరిపోతుంది. "నేను పంపేది పెరగలేదు కదా, అంత తొందరగా ఎలా తీరుతోంది?" అని రాశావు. "మన గది ఫోటో అడిగితే పాతవే పంపుతున్నారేం?" అని రాశావు. "ఫోనులో పాప గొంతు ఎందుకంత సన్నగా వస్తోంది?" అని కూడా రాశావు. మూడింటికీ జవాబు ఒకటే. అది చెప్పాలంటే బడి నుంచి వచ్చిన చీటీ దగ్గర మొదలుపెట్టాలి.

క్రితం నెల వచ్చిందది. మీ అమ్మాయి పదకొండు రోజులుగా బడికి రాలేదు, కారణం తెలపండి అని. రోజూ గేటు దాకా దింపేది నేనే, అది వెనక్కి తిరిగి చెయ్యి ఊపేదాకా నిలబడేదీ నేనే. మరి గేటు దాటాక పిల్ల ఎటు పోతోంది? అడిగితే రోజూ క్లాసులోనే ఉంటున్నానంది. అబద్ధం చెప్పే మొహం కాదది, నీకు తెలుసుగా. మర్నాడు షాపుకి సెలవు పెట్టి టీచరుగారిని కలిశాను. ఆవిడ కొత్తగా చేరారు, క్లాసులో అరవై మంది. ఆవిడా నాలాగే తికమకపడి రిజిస్టరు తీశారు, పాపని పిలిచారు, పక్క పిల్లల్ని అడిగారు. తేలిందేమిటంటే, పేరు పిలిచినప్పుడు పాప పలుకుతోందట. ఆ పలుకు ముందు బెంచీల దాకా కూడా రావడం లేదట. ఆటల్లో కూడా గుసగుసగానే మాట్లాడుతుందని పిల్లలన్నారు. ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని టీచరుగారు అడిగారు. ఏమీ లేదన్నాను.

గొంతు డాక్టరుకి చూపించాను. లైటు వేసి, ఆ అనిపించి, ఊ అనిపించి, ఏ లోపమూ లేదన్నాడు. మందు రాయలేదు గానీ ఫీజు తీసుకున్నాడు. మేం లేవబోతుంటే, ఇంట్లో జబ్బు మనుషులుగానీ, పగటిపూట పడుకునేవాళ్ళుగానీ ఉన్నారా అని అడిగాడు. పాప నా చొక్కా అంచు పట్టుకుని, వినీ వినబడకుండా, "డ్రైవరు బాబాయ్" అంది.

ఇక దాచి లాభం లేదు. మన గది అద్దెకిచ్చాను. పద్నాలుగు నెలలైంది. తూర్పు కిటికీ ఉన్న గదే, గోడల రంగు కోసం నువ్వు మూడు షాపులు తిరిగిన గదే. రాత్రి బస్సు నడిపే డ్రైవరొకతను ఉంటున్నాడు. సాయంత్రం ఏడింటికి వెళ్ళి పొద్దున ఏడింటికి వస్తాడు. పగలంతా కిటికీకి దుప్పటి కట్టుకుని నిద్రపోతాడు. నేనూ పాపా వంటింట్లో పడుకుంటున్నాం. చెబితే నువ్వు ఒప్పుకోవని చెప్పలేదు. నిన్ను ఏడాదిన్నర ముందుగా ఇంటికి తెచ్చుకుంటున్నానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మధ్యాహ్నాలు నేను ఫ్రేములు ఇంటికి తెచ్చి బిగిస్తాను కదా, పాప వచ్చేదీ ఆ వేళకే. అతను నిద్రలో ఉంటాడు. నిద్ర చెడితే ఖాళీ చేసి పోతాడేమో, అద్దె పోతుందేమో అని నా భయం. గిన్నె మోగితే మెల్లగా అనేవాణ్ణి, నవ్వితే మెల్లగా అనేవాణ్ణి, పాఠం చదివినా మెల్లగానే. రానురాను అతను ఇంట్లో లేనప్పుడు కూడా మేం గొంతు ఎత్తడం మానేశాం. అది నేను గమనించనే లేదు.

అతనికి సెలవున్న రోజు చూసి, టీ ఇచ్చి, గది ఖాళీ చెయ్యమని అడగడానికి ఎదురుగా కూర్చున్నాను. సంగతంతా విన్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"నేనెప్పుడైనా చప్పుడు చెయ్యొద్దన్నానా అన్నా?"

లేదన్నాను.

"డిపోలో ఇంజన్ల పక్కన బెంచీ మీద పడుకునేవాణ్ణి నేను. చప్పుడుంటేనే నాకు నిద్ర. ఇక్కడికొచ్చిన కొత్తలో నిద్రపట్టక చచ్చాను. ఈ ఇంట్లో ఏదో కష్టం జరిగింది, అందుకే మీరు మాట్లాడుకోరు, అడిగితే బాధపడతారని ఊరుకున్నా."

ఇప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో చెప్పు. అతని మీద తెచ్చుకుందామని పొద్దుటి నుంచీ సిద్ధం చేసుకున్న మాటలన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి.

తర్వాతి ఆదివారం అతను మా ఇద్దరినీ డిపోకి రమ్మన్నాడు. కడగడానికి తీసుకెళ్ళే ఖాళీ బస్సులో ఎక్కించుకున్నాడు. నన్ను ఆఖరి సీట్లో కూర్చోబెట్టి, పాపని తన పక్కన నిలబెట్టి, స్టాపుల పేర్లు నాకు వినబడేలా పిలవమన్నాడు. నీళ్ళ టాంకు దగ్గర పాప పెదాలు కదలడం కనబడింది, అంతే. అతను బండి ఆపలేదు. వెనకాయనకి వినబడలేదట, ఇంకోసారి అన్నాడు. పోస్టాఫీసు పోయింది, ఆసుపత్రి పోయింది, మార్కెట్టు పోయింది. ఒక్కటీ నా దాకా రాలేదు. వినబడలేదని నేను కేకెయ్యబోతే నా గొంతూ పెగల్లేదు. దాని రోగమే నాకూ ఉందని అప్పుడు తెలిసింది. లేచి, రాడ్డు పట్టుకుని, ఉన్న బలమంతా కూడదీసుకుని, "వినబళ్ళేదే" అని అరిచాను.

పాప ఉలిక్కిపడి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. నవ్వి, "రైల్వే గేటొచ్చింది, దిగు నాన్నా" అని ఒక్క కేక పెట్టింది. డ్రైవరు బ్రేకు వేశాడు. నేను నిజంగానే దిగిపోయాను. దిగి, రోడ్డు మీద ఎందుకు నిలబడ్డానో తెలియక, మళ్ళీ ఎక్కాను.

ఇప్పుడు బడిలో హాజరు పడుతోంది. ఇంట్లో మాత్రం ఒక పూట గట్టిగా, ఒక పూట గుసగుసగా ఉంటోంది. పాఠం గట్టిగా చదివితే డ్రైవరు గదిలోంచి నిద్రగొంతుతోనే తప్పులు దిద్దుతున్నాడు. అతను వెళ్ళడం పాపకి ఇష్టం లేదు. వంటింట్లో పడుకోవడమూ ఇష్టం లేదు. అతన్ని పంపేస్తే నువ్వు మరో ఏడాదిన్నర అక్కడే ఉండాలి. ఉంచితే, సొంతిల్లు కొనుక్కుని వంటింట్లో కాపురం ఉన్నట్టే. ఇందులో ఏది పొదుపో, ఏది నష్టమో, నిజంగా నాకు తెలియడం లేదు. ఇన్నాళ్ళూ ఇంట్లో లెక్క తెలిసినవాణ్ణి నేనే అనుకున్నాను.

పాపనే అడిగి చూశాను. "గది ఎవరిదైతే ఏంటి నాన్నా, అమ్మ ఎప్పుడొస్తానంది?" అంది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నువ్వు ఫలానా అప్పుడు వస్తానని ఎప్పుడూ అనలేదు. నేనే బ్యాంకు కాగితం చూసి చెబుతూ వచ్చాను. ఆ కుట్టుమిషన్ల మధ్య, హాస్టల్ గదిలో ఏడుగురితో సర్దుకుంటూ, బాగున్నానని రాసేదానివి, నేను నమ్మేసేవాణ్ణి. పద్నాలుగు నెలలు నేను కూడా నీకు అలాగే రాశానని ఇప్పుడు గుర్తొచ్చి భయమేస్తోంది.

అందుకని అడుగుతున్నాను. నీకు ఏ నెల రావాలనుందో రాయి. లోను తీరే నెల కాదు, నీకు రావాలనిపించే నెల. వచ్చే నెలైనా సరే. డ్రైవరుకి ఈ మాట చెబితే, వదిన ఏ నెలంటే ఆ నెలకి గది తయారుగా ఉంటుందన్నాడు. నన్ను తిట్టాలనుంటే నాలుగు పేజీలు తిట్టు, చదువుతాను. నెల పేరు మాత్రం మొదటి వరసలోనే రాయి.

ఇట్లు,
నీ పాప నాన్న