శుక్రవారం ఆరు నుంచి ఏడు

మార్చి 4, సోమవారం

ఈ ఉదయం ఎనిమిదికి మా ఇళ్లకు నీళ్లు కట్టేశారు. భవనం పైపులన్నీ మారుస్తారట. పది వారాలు. బాత్రూంలో షవర్, సింకు, టైల్స్ అన్నీ పీకేశారు. ఉత్త నేల మిగిలింది. అందరికీ కలిపి పెరట్లో ఒక కుళాయి, రెండు టాయిలెట్ క్యాబిన్లు.

నాకేం బెంగ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా హోం కేర్‌లో పనిచేస్తున్నాను. మా తాంపెరె ఊళ్లో మంచం దిగలేని ముసలివాళ్లు ఎంతమందికి ఒళ్లు కడిగానో లెక్క లేదు. మనిషిని తల నుంచి కాలి దాకా శుభ్రం చెయ్యడానికి నాకు నాలుగు లీటర్ల వేడినీళ్లు, రెండు గుడ్డలు చాలు.

పైగా శుక్రవారం ఉంది. సెల్లార్‌లో అందరిదీ ఒక సౌనా, ఆవిరి స్నానాల గది, ఉంది. వారానికి ఇంటికో గంట. దానికి నీళ్లు వేరే పైపులోంచి వస్తాయి, దాని జోలికి పోరట. శుక్రవారం ఆరు నుంచి ఏడు మాది. పంతొమ్మిదేళ్లుగా మాది. మా ఆయన ఎన్సియో పోయిన ఈ రెండేళ్లూ నాది.

మార్చి 6, బుధవారం

కింద బోర్డు మీద సౌనా జాబితా మార్చేశారు. శుక్రవారం అయిదు నుంచి ఆరు సోర్మునెన్‌ది. ఇప్పుడు అయిదు నుంచి ఏడు అని ఉంది. నాకు మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఇచ్చారు. ఆ టైంకి నేను డ్యూటీలో ఉంటాను. అతనికి తెలుసు.

సోర్మునెన్ మా భవన సంఘం అధ్యక్షుడు. వెళ్లి అడిగాను. గుమ్మంలోనే నిలబెట్టాడు. చూడమ్మా టెల్లెర్వో, నీళ్లు లేని రోజులు, మేమిద్దరం ఉన్నాం, ఒంటి మనిషికి గంటసేపు సౌనా దేనికి, నీకు బేసిన్ చాలదూ, అదే కదా నీ ఉద్యోగం అన్నాడు. లోపల అతని భార్య కిసుక్కున నవ్వింది.

ఈ భవనంలో మొగుడూ పెళ్లాలు విడిపోయారు, పక్కపక్క ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి మాటలు మానేశారు. కానీ ఒకరి సౌనా గంట ఇంకొకరు ముట్టుకున్నది లేదు. పేరు ఒకసారి బోర్డు మీద పడితే మనిషి పోయేదాకా ఉంటుంది.

ఒంటి మనిషి అన్నాడు. రాసిపెట్టుకుంటున్నాను.

మార్చి 7, ఉదయం 5:40

ముందు ముఖం, సబ్బు లేకుండా. తర్వాత చెవుల వెనక, మెడ, చేతులు, చంకలు, రొమ్ముల కింద. ఒక్కో చోటే తెరవాలి, కడగాలి, తుడవాలి, కప్పాలి. నడుము కిందికి రెండో గుడ్డ. చివర పాదాలు. వేళ్ల మధ్య పొడిగా తుడవాలి, లేకపోతే ఒరుసుకుపోతుంది. జిడ్డు పీల్చడానికి జుట్టుకి బంగాళదుంప పిండి రుద్ది పది నిమిషాలాగి బ్రష్‌తో దులిపాను. స్వెట్టర్ బయట మంచులో ఆరేశాను. చలికి వాసనంతా పోతుంది.

ఒక్క చోటు మిగిలిపోయింది. వీపు మధ్యలో, రెండు రెక్క ఎముకల నడుమ, అరచేతంత. పైనుంచీ అందదు, కిందనుంచీ అందదు. ఎన్సియో ఉన్నప్పుడు ప్రతి శుక్రవారం అక్కడ రుద్ది, రెండు తట్లు తట్టి, అయిపోయింది అనేవాడు. అతను పోయాక సౌనా వేడికి చెమట పట్టి ఆ చోటు దానంతటదే శుభ్రమయ్యేది.

ఇప్పుడు అదీ లేదు.

మార్చి 8, శుక్రవారం, సాయంత్రం 6:50

మా ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్, సరిగ్గా సౌనా మీదే. నేను బేసిన్ ముందు కూర్చుంటే కింద సౌనా పొయ్యి రాళ్ల మీద పోసిన నీళ్లు చుయ్‌మంటున్నాయి. ఆరు తర్వాత పద్నాలుగు సార్లు. నా గంటలో పద్నాలుగు సార్లు! ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నా నీళ్లు చల్లారిపోయాయి.

మార్చి 12, మంగళవారం

కింద తలుపు దగ్గర సోర్మునెన్ ఎదురయ్యాడు. పక్కన రెండో అంతస్తు ఐలి ఉంది. నన్ను చూడగానే మఫ్లర్ ముక్కు మీదికి లాక్కున్నాడు. హోం కేర్ వాళ్లు వాళ్లెళ్లిన ఇళ్ల కంపు కూడా మోసుకొస్తారు పాపం అన్నాడు, ఐలి వైపు తిరిగి.

నా దగ్గర ఏ వాసనా లేదు. వాసనలు నాకు తెలిసినంత ఈ ఊళ్లో ఎవరికీ తెలియవు. అతని దగ్గర దేవదారు సబ్బు వాసన వేసింది. నా గంట వాసన.

సాయంత్రం ఐలి వచ్చి నా భుజం దగ్గర ముక్కు పెట్టి మరీ చూసింది. నీ దగ్గర ఉతికిన దుప్పటి వాసనే వస్తోందే తల్లీ అంది. వాడితో నీకెందుకు, అందరిలా బస్సెక్కి ఈతకొలనుకి పోవచ్చుగా, అక్కడ షవర్లున్నాయి, సౌనా ఉంది అంది. పోనన్నాను. నా గంట నా కాళ్ల కింద ఉండగా బస్సెక్కి ఇంకో చోటికి పోయి కడుక్కుంటే, అతను గెలిచినట్టే. మొండిదానివే నువ్వు అని తిట్టి కాఫీ తాగి వెళ్లింది.

నెల కాదు, ఏడాది కానీ. నేను కంపు కొట్టను, బతిమాలను.

మార్చి 17, ఆదివారం

పైపుల పని దుమ్ము ఒంటికి పడటం లేదని సోర్మునెన్ భార్య దూరాన ఔలులో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు అతనూ ఒంటి మనిషే. బోర్డు మీద రెండు గంటలూ అలాగే ఉన్నాయి.

మార్చి 22, శుక్రవారం, రాత్రి 8

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరూ పదికి నేను కాళ్లు కడుక్కుంటున్నాను. కింద దబ్బుమని చప్పుడు. తర్వాత కేక. సోర్మునెన్ గొంతు. మళ్లీ కేక. ఎడమ పాదం అయిపోయింది, కుడి పాదం మిగిలింది. కుడి పాదం కడిగాను. వేళ్ల మధ్య తుడిచాను, ఒక్కొక్కటీ. మేజోళ్లు వేసుకున్నాను. అప్పుడు కిందికి దిగాను.

సౌనా పక్కన ఒళ్లు కడుక్కునే గదిలో నేలంతా సబ్బు నురగ. మధ్యలో బట్టల్లేకుండా సోర్మునెన్. రెండు మణికట్లూ వంకరపోయాయి. టవల్ కప్పి అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. టెల్లెర్వో గారూ, చేతులు, నా చేతులు అని ఏడ్చాడు. గారూ అనడం అదే మొదటిసారి.

మా సౌనాలో ఎవరి గంట అయిపోతే వాళ్లు నేల కడిగి, బకెట్ బోర్లించి పోవాలి. తర్వాతి వాళ్లకు సబ్బు నేల వదలకూడదు. నా గంట నాకుంటే, ఆరింటికి అయిదు నిమిషాల ముందు అతను నేల కడిగేసి ఇంటికి పోయేవాడు. ఇప్పుడు ఆరింటికి ఎవరూ రారు కనుక కడగలేదు. నా గంటలో, తన సబ్బు మీద తనే జారాడు.

ఈ మాటలు మూడుసార్లు చదువుకున్నాను. నాకు సంతోషంగా ఉంది.

మార్చి 25, సోమవారం

సూపర్‌వైజర్ హెన్నా ఫోన్ చేసింది. మీ భవనంలోనే ఒక కొత్త పేషెంట్, రెండు చేతులకూ ప్లాస్టర్, తడవకూడదు, భార్యకు ఔలులో ఫ్లూ, రాలేదట, రోజూ ఒళ్లు తుడవాలి, ఇరుగుపొరుగు కదా, ఇబ్బందైతే చెప్పండి అక్కా, వేరేవాళ్లని వేస్తాను అంది.

ఇబ్బంది ఏం లేదన్నాను.

మార్చి 26, మంగళవారం

బేసిన్, రెండు గుడ్డలు, నాలుగు లీటర్లు. నీళ్ల వేడి మోచేత్తో చూశాను. సోర్మునెన్ గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. నేను తొందరపడలేదు. ముఖం, చెవులు, మెడ, చంకలు. ఎక్కడా తడి ఉంచలేదు, ఎక్కడా చలి తగలనివ్వలేదు. ఎవరూ వంక పెట్టలేరు.

వీపు దగ్గరికి వచ్చాను. భుజాలు కడిగాను, పక్కలు కడిగాను, నడుము కడిగాను. మధ్యలో అరచేతంత చోటు వదిలేశాను. గుడ్డ అంచు కూడా తగలనివ్వలేదు. రెండు తట్లు తట్టి, అయిపోయింది అన్నాను.

కంప్యూటర్‌లో ‘ఒళ్లంతా శుభ్రం చేశాను’ అని టిక్ పెట్టాను.

మార్చి 27

వదిలేశాను.

మార్చి 28

వదిలేశాను.

మార్చి 31, ఆదివారం

వీపు మధ్యలో దురదగా ఉంది, కాస్త చూస్తారా అన్నాడు. చూశాను. దద్దుర్లేం లేవన్నాను. నిజమే, లేవు. చుట్టూ తెల్లగా ఉంది, మధ్యలో కొంచెం మాసింది, అంతే. నేను తాళం తీసి లోపలికి వచ్చేసరికి తలుపు చెక్కకి వీపు రుద్దుకుంటున్నాడు, అధ్యక్షులవారు.

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క పేషెంట్‌కి కూడా ఇలా చెయ్యలేదు. సిగ్గుగా ఉందా అని నన్ను నేనే అడిగాను. కాసేపు ఆగి మళ్లీ అడిగాను. లేదు.

ఏప్రిల్ 3, బుధవారం

ఈ రోజు కడుగుతుంటే అతనే సౌనా మాట ఎత్తాడు. తప్పు చేశాను టెల్లెర్వో గారూ, మీ గంట మీరు తీసుకోండి, నేను రాయలేను, బోర్డు మీద మీరే రాసుకోండి, నేను చెప్పానని చెప్పండి అన్నాడు. రోజంతా ఎవరూ రారు, మీరొచ్చే ఈ అరగంటే నాకు మిగిలింది అన్నాడు. మీ చెయ్యి మంచిది అని కూడా అన్నాడు. నటన కాదు, నటిస్తే నాకు తెలుస్తుంది.

థాంక్స్ చెప్పాను.

ఆ మధ్యలో కూడా కొంచెం గట్టిగా రుద్దుతారా, అక్కడ నా చెయ్యి అందదు కదా అన్నాడు.

తెలుసన్నాను. ఒంటి మనుషులకు ఎవరికీ అందదన్నాను. గుడ్డ పిండాను. చుట్టూ కడిగాను. రెండు తట్లు తట్టాను. అయిపోయింది.

తిరిగొస్తూ బోర్డు దగ్గర ఆగి నా పేరు రాసుకున్నాను, పెన్నుతో.

ఏప్రిల్ 5, శుక్రవారం

ఆరు నుంచి ఏడు. నేనొక్కదాన్నే. వీపంతా చెమటతో తడిసింది, ఆ చోటు కూడా. నేల కడిగాను, బకెట్ బోర్లించాను. అయిపోయింది అని ఎవరూ అనలేదు.

అతనితో రేపు కూడా ఆ మాట అంటాను.