మనుషుల్లేని ఫ్రేము

మార్చి 2

స్కేలు ఫోన్ చేసింది. కాలేజీలో సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉండేదని ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు పేరున్న ఆర్కిటెక్టు, సొంత ఆఫీసు, అద్దాల తలుపులు. అయినా నాకు స్కేలే. పాత పేటల మీద ఒక పుస్తకం వేస్తున్నామే, మీ పిన్నివాళ్ళ పేటతో మొదలెడదాం అంది. విమానంలోంచి ఫోటోలు నీలా ఎవరూ తీయలేరు అని కూడా అంది. కాకా పడుతోందని తెలుస్తూనే ఉంది. అయినా పొంగిపోయాను.

అమ్మ పోయాక పిన్ని నన్ను పెంచిన పేట అది. ఇన్నేళ్ళుగా ఊళ్ళో ప్రతి టవరూ, ప్రతి ఫ్లైఓవరూ ఆకాశంలోంచి తీశాను. మా పెంకులు ఒక్కసారీ తీయలేదు. ఎవరూ అడగలేదు మరి.

మార్చి 5

పిన్నికి చెప్పాను. నేను చెప్పులు వేసుకుని గుమ్మం దిగేలోపు పేటంతా తెలిసిపోయింది. ఆ పొడుగుపిల్లేనా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా అని పిన్ని మురిసిపోయింది. కాలేజీ రోజుల్లో స్కేలు డ్రాయింగ్ షీట్లు పరుచుకోవడానికి పిన్ని హాల్లో మంచం ఎత్తి గోడకి ఆనించేది. అది గీసినంతసేపూ ఇంట్లోవాళ్ళందరం గోడవారగా నడిచేవాళ్ళం.

పిన్నిని ఇల్లిల్లూ తిప్పి అందరికీ రూల్స్ చెప్పించాను. పొద్దున్నే ఒక్క గంట. తాళ్ళ మీద బట్టలుండకూడదు. మేడల మీదా వీధుల్లోనూ పురుగు కనపడకూడదు. స్కూటర్లు లోపల. పక్కింటి టైలరు గారి మేడ మీద నీలం టార్పాలిన్ ఒకటుంది, కింద ఆయన మిషను మీద కారకుండా కప్పుకున్నది. అంత ఎర్ర పెంకుల మధ్య ఆ నీలం కళ్ళలో పొడుస్తుంది. తీయమన్నాను. పాప అడిగితే తీయకపోవడమేంటి అన్నాడు.

ఇదంతా నా పిచ్చి అనుకుంటారు. కాదు. ఈ ఫీల్డుకొచ్చిన కొత్తలో ఒక ఆర్కిటెక్టు నా ఫోటో మొహాన కొట్టాడు. బ్రహ్మాండమైన లైబ్రరీ, సూర్యోదయం, అన్నీ కుదిరాయి. మేడ మీద ఒకడు వీపు గోక్కుంటున్నాడు. మనిషి కనిపిస్తే కన్ను వాడి మీదికే పోతుందమ్మా, బిల్డింగు ఎవరు చూస్తారు అన్నాడు. అప్పట్నుంచి నా ఫ్రేములో మనిషి పడడు. క్లీన్ మేడమ్ అని పేరు కూడా వచ్చింది. ఆ పేరంటే నాకు గర్వమే.

మార్చి 9, ఉదయం

నా జీవితంలో ఇంత మంచి ఫోటోలు తీయలేదు.

నేనెప్పుడూ వెళ్ళే చిన్న విమానం నడిపే కెప్టెన్, నా వైపు తలుపు పీకించి సిద్ధంగా ఉంచాడు. బెల్టు రెండుసార్లు లాగి చూశాడు. ఎప్పుడూ అంతే, నీ కెమెరా పడితే ఇంకోటి కొనుక్కుంటావు, నువ్వు పడితే మీ పిన్నికి నేనేం చెప్పుకోను అంటాడు. విమానం ఎడమకి వంచాడు. కాళ్ళ కింద పేటంతా. ఏటవాలు వెలుగు, పెంకుల అంచులన్నీ మెరుస్తున్నాయి, సందులు నీడలో నల్లటి గీతలు. ఒక్క చొక్కా లేదు. ఒక్క స్కూటర్ లేదు. నా మాట మీద అంత పేట ఊపిరి బిగబట్టుకుని కూచుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గాలికి అనుకున్నాడు కెప్టెన్.

పని అయిపోయిందని చెప్పగానే ఆయన కిందికి దించి ఒక చుట్టు కొట్టాడు. శబ్దం విని అందరూ బిలబిలా మేడల మీదికి వచ్చేశారు. చేతులూపారు, తువ్వాళ్ళూపారు, టైలరు గారు టేపు ఊపాడు. పిన్ని రెండు చేతులూ ఎత్తి గెంతుతోంది, ఆ మోకాళ్ళతో! నేనూ ఊపాను. కెమెరా ఒళ్ళో ఉంది. ఆ ఫ్రేములు పనికిరావు కదా.

మార్చి 9, సాయంత్రం

మధ్యాహ్నం అకాల వర్షం. టైలరు గారు టార్పాలిన్ మళ్ళీ కప్పలేదట, కుట్టాల్సిన బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయట. ఫోటో బాగా వస్తే చాలు అన్నాడట పిన్నితో.

ఏప్రిల్ 14

స్కేలుకి ఫోటోలు చూపించాను. కళ్ళు తిప్పుకోలేకపోతున్నానే అంది. ఒక్క మనిషి కూడా లేడు, ఎలా చేశావే అంది. నేను కథంతా చెప్పాను, టార్పాలిన్‌తో సహా. పగలబడి నవ్వింది.

మే 20, ఉదయం

మున్సిపల్ కౌన్సిల్ హాల్లో ప్రదర్శనట. నీ ఫోటో గోడంత పెట్టాం, వచ్చి చూసుకో అని స్కేలు మెసేజ్. ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్తున్నాను. పిన్నిని కూడా రమ్మన్నాను, మోకాళ్ళ నొప్పులట. వీధివాళ్ళు వస్తున్నారట, వాళ్ళు చూసి చెప్తారులే అంది.

మే 20, మధ్యాహ్నం

పిన్ని రాకపోవడమే మంచిదైంది.

నిజంగానే గోడంత ఉంది. లోపలికి అడుగు పెట్టగానే కనిపించింది, ఛాతీ ఉప్పొంగింది. ఆ ఒక్క క్షణం తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. దగ్గరికెళ్ళి కింద అక్షరాలు చదివాను. 'దాదాపు నిర్జనమైన పేట. ప్రస్తుత స్థితి.' పక్కన ఇంకో బొమ్మ, కంప్యూటర్లో గీసింది. అదే నేల మీద ఆరు టవర్లు, మధ్యలో మాల్. దాని కింద స్కేలు ఆఫీసు పేరు.

కౌన్సిల్ ఇంజనీరు కర్రతో చూపిస్తూ చెప్తున్నాడు. చూశారుగా, ఉదయం వేళ కూడా వీధిలో ఒక్క ప్రాణి లేదు, బట్టలారేసిన తాడు కూడా లేదు, జనం ఎప్పుడో వెళ్ళిపోయారు, మిగిలిన నలుగురికీ వేరేచోట సర్దుబాటు చేస్తాం అన్నాడు. ఆ నలుగురిలో సగంమంది వెనక వరసలో నిలబడి ఉన్నారు. టైలరు గారు నావైపే చూస్తున్నాడు.

ఫోటో కింద నా పేరు వేయలేదని ఎన్ని ఆఫీసుల్లో గొడవపడ్డానో. ఈసారి వేశారు. పెద్ద అక్షరాలు, ఒక్క తప్పు లేదు.

మే 21

స్కేలు ఆఫీసుకి వెళ్ళి అరిచాను. తొణకలేదు, బెణకలేదు. తలుపు వేసి, కూర్చో అంది. నేనేం అబద్ధం చెప్పానే, ఫోటో నీది, మనుషుల్ని లోపలికి పంపింది నువ్వు, ఖాళీ చేయమని నేను అడిగానా అంది.

అడగలేదు. నిజమే, ఒక్క మాట అడగలేదు. అడగక్కర్లేదని తెలుసు దానికి. నా అలవాటు నాకన్నా దానికి బాగా తెలుసు.

మరి పుస్తకం ఏదీ అన్నాను. వేస్తామే, పేట పోయాక దానికి విలువ ఇంకా పెరుగుతుంది అంది. పిన్ని మంచం ఎత్తి చోటిచ్చిన మనిషి అన్న మాట ఇది. నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. టేబుల్ మీద పెట్టేసి వచ్చాను. మొహాన కొట్టాల్సింది. ఇప్పటికీ అదే అనిపిస్తోంది.

మే 22

పిన్ని ఫోన్ ఎత్తడం లేదు.

మే 24

వెళ్ళాను. టైలరు గారు మిషను ఆపకుండానే మాట్లాడాడు. మీరు తీయమన్నారని టార్పాలిన్ తీశాను మేడమ్, ఇప్పుడు ఇల్లే తీస్తారట అన్నాడు. ఆయన నన్నెప్పుడూ మేడమ్ అనలేదు. నా స్కూలు యూనిఫారాలన్నీ ఆయనే కుట్టాడు.

పిన్ని తలుపు తీసింది. ఒకే ఒక ప్రశ్న అడిగింది. నీకు ముందే తెలుసా అని. తెలియదని ఒట్టేశాను, ఏడ్చాను, చేతులు పట్టుకున్నాను. సరేలే అంది. గ్యాసు కుర్రాడికి చెప్పినట్టు చెప్పింది. వీధిలో అందరూ నన్నే అడుగుతున్నారు, నీ పిల్ల ఎంతకి బేరం పెట్టింది అని, ఏం చెప్పమంటావు అంది. పుస్తకం అన్నారు పిన్నీ అన్నాను. ఎంత వెర్రిబాగులదాన్లా వినిపించిందో నాకే తెలుస్తోంది.

నన్ను ఉండమనలేదు.

మే 30

కౌన్సిల్‌కి లెటర్ పెట్టాను, ఆ ఫోటో ఎలా తీశానో రాసి. ఉత్త మాటలు చెల్లవట. ఫోటోకి ఫోటోయే కావాలట. అభ్యంతరాలు చెప్పుకోవడానికి జూన్‌లో ఆఖరి మీటింగ్.

మార్చిలో అందరూ మేడలెక్కి చేతులూపినప్పుడు ఒక్కసారి నొక్కి ఉంటే చాలు. ఒక్క క్లిక్కు. కెమెరా ఒళ్ళోనే ఉంది.

కెప్టెన్‌కి ఫోన్ చేశాను. కథ చివరిదాకా విని, ఆ పొడుగావిడని ఒకసారి నా విమానం ఎక్కించు, తలుపు లేని వైపు కూర్చోబెడతా అన్నాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి నవ్వాను. నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. వాతావరణం చూసి చెప్తాను అన్నాడు.

జూన్ 3

ఇల్లిల్లూ తిరిగాను. మార్చిలో పిన్ని తిరిగింది నా బదులు, ఈసారి తోడు రమ్మని అడిగే మొహం లేదు. ఏడో తారీకు పొద్దున్నే, విమానం చప్పుడు వినగానే బయటికి రండి, మేడలెక్కండి, బట్టలారేయండి, స్కూటర్లు వీధిలో పెట్టండి అన్నాను. కొందరు కిటికీలోంచే విన్నారు. ఒకామె, ఇప్పుడు ఎవరికిస్తావమ్మా ఈ ఫోటో అంది. ఎవరూ సరే అనలేదు. ఎవరూ కాదనలేదు. పిన్ని గుమ్మంలో నిలబడి చెప్పాను. విన్నది.

వాళ్ళు రాకపోతే ఇక వాళ్ళ ఇళ్ళుండవు. నా మీద కోపంతో రాకపోతే? ఆ ఆలోచన వదలడం లేదు.

జూన్ 6

మబ్బులు. కెప్టెన్ మాత్రం రేపు విచ్చుకుంటాయి అంటున్నాడు.

జూన్ 7

అందరూ వచ్చారు. మేడల మీద, మెట్ల మీద, వీధి నిండా. ప్రతి తాడు మీదా బట్టలు. టైలరు గారి టార్పాలిన్, నీలంగా, నడిమధ్యలో.

ఫోటోలు బాగా వచ్చాయి. కౌన్సిల్‌కి చాలు.

కెప్టెన్ మూడు చుట్లు కొట్టాడు. ఆఖరి చుట్టులో బాగా కిందికి దించాడు. నేను చెయ్యి ఊపాను. అన్నీ నల్లటి తలలు, నెరిసిన తలలు. ఒక్కరూ పైకి చూడలేదు.

పిన్ని కూడా.