వాగు దగ్గరి కెమెరాలో

మంగళవారం, రాత్రి. ఎల్లారెడ్డి.

వాగు పక్కన చెట్టుకు కట్టిన, కదలిక కనిపిస్తే దానంతటదే వీడియో తీసే కెమెరా కార్డు తెచ్చి, సాయంత్రం గదిలో నేనూ రవీ చూశాం. చిరుత మీద సినిమా తీయాలని మా పెళ్లయినప్పటి నుంచీ ఈ అడవి చుట్టే తిరుగుతున్నాం. ఒక్కసారీ ఎదురుపడలేదు.

కార్డులో మేమే ఉన్నాం. పోయిన వారం బండ మీద కూర్చుని సద్ది తింటున్నాం. మా వెనక పొదలో చిరుత కూర్చుని ఉంది.

"ఎవరో చూస్తున్నట్టు అనిపిస్తుంది," వీడియోలో నా గొంతు.

"ఈడ ఎవరుంటరు? తిను," రవి నవ్వు.

మేం లేచి నడిచాం. అదీ లేచి, మేకలు దిగే బాట మీద మా వెంటే వచ్చింది.

రవి ముందు సంబరపడ్డాడు. తర్వాత వీడియో ఆపి నా వైపు తిరిగాడు.

"మనకు అలవాటు పడ్డది. మనిషంటే భయం పోయింది దానికి. రేపు మేకలు కాసేటోళ్ల వెంట గూడ గిట్లనే పోతది."

"మరి సినిమా?"

"బంద్ చేద్దాం. ఫారెస్టోళ్లకు చెప్పి కామారెడ్డిల మనింటికి పోదాం."

సరేనన్నాను. ఏడుపొచ్చింది.

ఇప్పుడు రవి నిద్రపోతున్నాడు. మేం వెళ్లిపోతే అది మమ్మల్ని మరిచిపోతుందా? వీడియో మళ్లీ చూశాను. అది రవి వైపు ఒక్కసారీ చూడలేదు. అంతసేపూ నా మెడనే చూస్తూ ఉంది...